నవలకి ఎడిటర్ కావాలా, డీటీపీ ఆయన చూస్తే సరిపోదా?

సిరిసిల్ల_సాంచాలు
నవల రాసిన, మొదటిది. సాంచాల (పవర్‌లూమ్ మగ్గాల) మీద, కార్మికుల మీద. 1981 కాన్నుంచి 2000 దాంక నడుస్తది, వర్డ్‌ల మూడొందల పేజీలు దాటింది. డిసెంబర్ల హైదరాబాద్ బుక్‌ఫెయిర్ కల్లా తేవాలె, సొంత పైసలే, ఐదొందల కాపీలు. ఇప్పుడు పంచాయితీ ఏందంటే డీటీపీ చేసెటాయన (కంప్యూటర్ల పుస్తకం పేజీలు కట్టెటాయన) తప్పులు నేనే చూస్త, అదనంగ ఏం వద్దు అంటున్నడు. ఇంకో దిక్కు దోస్తు చెప్తే ఒక ఫ్రీలాన్స్ ఎడిటర్‌కు మొదటి అధ్యాయం పంపిన, శాంపిల్ చేసి పంపిండు. తప్పులు దిద్దిండు, మంచిదే, కానీ మార్జిన్ నిండ ప్రశ్నలే. గీ మనిషికి గీ సంగతి ఎట్ల తెల్సు, ఈమె వయసెంత, గీ మాట ఎవలన్నరు, అన్నీ గిసొంటియే. పైకెల్లి మొదటి పన్నెండు పేజీలు తీసేసి సమ్మె కాన్నుంచి మొదలువెట్టుమన్నడు. అవి మా ఊరి గురించి రాసిన పేజీలు, నాకు పాణం అవి. పైసలు గూడ అచ్చు ఖర్చుల మూడోవంతు అడుగుతున్నడు. అసలు ఎడిటర్ పని తప్పులు దిద్దుడా, నవల మార్చుడా? ఎవలన్న చేయించుకున్నోళ్ళు ఉంటే చెప్పుండ్రి.

అచ్చుతప్పు
మూడోవంతు అడిగాడంటే మీ పన్నెండు పేజీలతో పాటు జేబు కూడా ఎడిట్ చేస్తున్నాడు 😀

డీటీపీ_బాబాయ్
నేను డీటీపీ వాణ్ణే, విజయవాడ, కాబట్టి మా వాళ్ళ సంగతి చెప్తా. మేం చూసేది మేం టైప్ చేసేటప్పుడు పడిన తప్పులు. మీరే టైప్ చేసి పంపారంటే మేం చదవం కూడా, ఫైలు పోసి పేజీలు కట్టేస్తాం అంతే. హీరోయిన్ పేరు సగంలో మారిపోయినా మాకు తెలీదండి, మా కళ్ళు లైను ఎక్కడ విరిగింది, పేజీ అడుగున ఒంటరి లైను మిగిలిందా అనే చూస్తాయి. మీ ఆయన ఉచితంగా చూస్తానన్నది అబద్ధం కాదు, కానీ ఆయన చూసేది అంతవరకే.

పాతపుస్తకం
నాకు ఈ ఎడిటర్ల గోల కొత్తగా అనిపిస్తుంది. మన పెద్ద రచయితలు ఎవరు ఎడిటర్ని పెట్టుకున్నారు చెప్పండి. రాసేవాడికి తెలియాలి ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో. అది తెలియనివాడు ఇంకా కొన్నాళ్ళు ఆగాలి, డబ్బులిచ్చి ఇంకొకడి చేత తెలుసుకోవడమేమిటి.

లలితక్క
@పాతపుస్తకం పెట్టుకోలేదు సరే, కానీ వాళ్ళకి పత్రికలు ఉండేవి కదండీ. నవలలు సీరియల్‌గా వచ్చేవి, వారపత్రిక ఆఫీసులో చదివేవాళ్ళుండేవాళ్ళు, తగ్గించమనేవాళ్ళు, తిప్పి పంపేవాళ్ళు, వారం వారం పాఠకుల ఉత్తరాలు వచ్చేవి. పుస్తకం అయ్యేసరికి నలుగురి చేతులు పడేవి. భారతి మాసపత్రిక 1991లో ఆగిపోయింది, వారపత్రికలు కూడా ఒకటొకటీ పోయాయి, ఇప్పుడు ఫేస్‌బుక్ పోస్టు నుంచి నేరుగా ప్రెస్సుకే. మధ్యలో ఆ పని చేసేవాళ్ళు పోయారు కాబట్టి డబ్బులిచ్చి పెట్టుకోవాల్సొస్తోంది.

గోదారిగట్టు
లలితక్క చెప్పింది పాయింటు. ఇంకోటేంటంటే గురజాడ అంతటాయనే కన్యాశుల్కం 1897లో వేసి, మళ్ళీ 1909లో దాదాపు కొత్త నాటకంలా తిరగరాశారు. మనం ఇప్పుడు ఆడేదీ చదివేదీ ఆ రెండోదే. మొదటిసారి అచ్చయిందే ఫైనలని ఆయన అనుకోలేదు, మనమేమో వర్డ్ ఫైలు సేవ్ చేసిన రోజే ఫైనల్ అనేస్తున్నాం.

పాతపుస్తకం
ఆ తిరగరాసింది గురజాడే, ఎడిటర్ కాదు. నా మాటే బలపడింది.

గోదారిగట్టు
పన్నెండేళ్ళు ఆగే ఓపికుంటే ఎడిటర్ అక్కర్లేదు ఒప్పుకుంటున్నా. సాంచాలు అన్నకి డిసెంబర్ దాకే ఉంది 😀

ఎర్రసిరా
నేను చేసేది ఈ పనే, పత్రికలో సబ్ ఎడిటర్‌గా చేసి బయటికొచ్చాక, కాబట్టి నా మాట కాస్త తగ్గించుకుని వినండి. శాంపిల్ చేసినాయనకి పని తెలుసనే అనిపిస్తోంది, ఎందుకంటే ప్రశ్నలు అడిగాడు. మన దగ్గర ఎడిటింగ్ అంటే ప్రూఫులు దిద్దడమే అనుకుంటారు చాలామంది. ప్రూఫు ఆఖర్న వస్తుంది, పేజీలు కట్టాక. దానికి ముందు చాలా ఉంటుంది. నేనైతే ముందు నవల మొత్తం ఒకసారి చదివి ఫైల్లో చెయ్యి పెట్టకుండా ఒక ఉత్తరం రాస్తాను, ఎక్కడ కథ ఆగింది, ఏ పాత్ర మధ్యలో మాయమైంది, ఏ అధ్యాయం ముందుకి జరిగితే బాగుంటుంది, నాకు ఎక్కడ విసుగొచ్చింది. రచయిత అది చూసుకుని తిరగరాసి పంపాకే వాక్యాల జోలికి వెళ్తాను. అదీ అయ్యాక పేర్లు, వయసులు, తేదీలు, ఒకే మాటని అన్ని చోట్లా ఒకేలా రాశారా లేదా అనేది. ఈయన శాంపిల్ కాబట్టి అన్నీ ఒకే అధ్యాయంలో చేసి చూపించాడు, మీకు ఒక్కసారిగా మీద పడ్డట్టయింది. ఆయన్ని అడగండి, మూడోవంతు దేనికి, వీటిలో ఏవేం చేస్తాడు, ఎన్నిసార్లు చదువుతాడు అని. ఒకసారి చదివి తప్పులు దిద్దడానికే అయితే ఎక్కువ, అన్నీ చేస్తే ఎక్కువేం కాదు.

కడప_కారం
అందరూ ఎడిటర్లని మోస్తాండారు కాబట్టి నా సంగతి గూడా ఇనండి. నా కథల పుస్తకం ఒకాయప్పకి ఇచ్చినా. యాడికి పోతాండావురా అని మా అవ్వ పాత్ర అంటే దాన్ని ఎక్కడికి వెళ్తున్నావు నాయనా అని మార్చినాడు. మా అవ్వ బతికుంటే చీపురు తీసుకునేది. అదొక్కటే కాదు, పుస్తకమంతా అట్లే ఇస్త్రీ చేసినాడు. పైగా వర్డ్‌లో మార్పులన్నీ కనపడేట్టు చేసే ట్రాక్ చేంజెస్ పెట్టకుండా క్లీన్ ఫైలు పంపినాడు, ఏది మార్చినాడో ఏది మార్చలేదో తెలీదు, రెండు ఫైళ్ళు పక్కపక్కన పెట్టుకోని లైను లైను సూసుకోవాల్సొచ్చె. డబ్బులిచ్చి మరీ మన యాసని చంపించుకోవడం.

సిరిసిల్ల_సాంచాలు
@కడప_కారం అన్నా నాకు గదే భయం. నా నవలల మాటలన్నీ మా దిక్కు మాటలే, కథ చెప్పుడు గూడ సగం గట్లనే ఉంటది.

విజీనారం_పిల్ల
కారం గారూ అది ఎడిటింగ్ కాదండి, ఆయనకి మీ యాస రాదు అంతే. నా కథలకి చేసినావిడ ముందే ఒక కాగితం తయారు చేసింది, ఏ పాత్ర ఏ మాట ఎలా అంటాదో. మా తాత 'ఏటి' అంటాడు, మా చదువుకున్న మామ 'ఏంటి' అంటాడు, రచయిత గొంతులో 'ఏమిటి'. 'ఎల్లిపోనాడు' ఒక చోట, 'వెల్లిపోనాడు' ఒక చోట రాసీసేను నేను, నాకే తెలీలేదు. ఆవిడ ఒక్కటి కూడా మార్చకుండా రెండూ చూపించి మీకు ఏది కావాలి అనడిగింది. యాసలో రాసినప్పుడే ఇది ఇంకా ఎక్కువ కావాలి, మామూలు తెలుక్కైతే డిక్షనరీ ఉంది, మన యాసకి మనమే డిక్షనరీ.

ఎర్రసిరా
@విజీనారం_పిల్ల అదే, స్టైల్ షీట్ అంటాం దాన్ని. తెలంగాణ నవలైతే చేసిండు/జేసిండు, కాన్నుంచి/కాడికెల్లి, మళ్ళ/మల్ల ఇలాంటివి. రచయిత రెండూ కావాలనే వాడి ఉండొచ్చు, ఊరు మారితే మాట మారుతుంది కదా, అందుకే అడగాలి, దిద్దకూడదు. @కడప_కారం వర్డ్‌లో రివ్యూ కింద కంపేర్ అని ఉంటుంది, పాత ఫైలూ కొత్త ఫైలూ ఇస్తే తేడాలన్నీ రంగులో చూపిస్తుంది.

కడప_కారం
ఈ మాట ఆ పొద్దే ఎవరైనా చెప్పింటే ఒక నిద్ర దక్కేది.

డాలస్_దొర
చాట్‌బాట్‌కి ఇచ్చి చూడండి ఒకసారి, ఉచితం, నిమిషంలో తప్పులన్నీ చెప్పేస్తుంది. నేను ఆఫీసు మెయిల్స్ అన్నీ అలాగే చేస్తాను.

విజీనారం_పిల్ల
మెయిల్సు వేరు దొరగారూ. నేను చూసేను, మా తాత చేత 'నేను వెళ్ళుచున్నాను' అనిపించింది.

అచ్చుతప్పు
కారం అన్న ఎడిటర్ కూడా అదే వాడాడేమో కనుక్కోండి

డాలస్_దొర
సరే అది వెనక్కి తీసుకుంటున్నా. ఇంకో విషయం, ఇంగ్లండులో ఫ్రీలాన్స్ ఎడిటర్లు, ప్రూఫ్‌రీడర్లు 1988లో ఒక సొసైటీ పెట్టుకున్నారు, 2020 నుంచి అది చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్. ఏ పనికి కనీసం ఎంత అడగొచ్చో వాళ్ళే సూచిస్తారు. మనకి అలాంటిది ఏదైనా ఉందా? అక్కడ చాలామంది పదానికి ఇంత అని తీసుకుంటారు, పారదర్శకంగా ఉంటుంది.

ఎర్రసిరా
అలాంటి పట్టిక తెలుగులో నేను చూళ్ళేదు, ఎవరి రేటు వాళ్ళది. పదాల లెక్క మాత్రం తెలుగుకి అచ్చంగా పనికిరాదు. 'వెళ్ళలేకపోయినవాళ్ళందరికీ' మనకి ఒక్క పదం, ఇంగ్లీషులో అదే చెప్పాలంటే ఏడెనిమిది మాటలు. అక్కడి రేటు చూసి ఇక్కడ పదానికింత అంటే ఎడిటర్ మునిగిపోతాడు. పేజీ లెక్క అంటే ఫాంటు సైజు పెంచితే పేజీలు పెరుగుతాయి. నేను అక్షరాల లెక్క చూస్తాను, వర్డే చూపిస్తుంది స్పేసులతో కలిపి. ఏ లెక్కైనా సరే ముందే రాసుకుంటే గొడవ ఉండదు.

లలితక్క
అడ్వాన్స్ అడక్కుండా ఈ పని చేసేవాళ్ళ దగ్గర జాగ్రత్త, మధ్యలో ఇంకో పెద్ద పని వస్తే మనది పక్కన పడుతుంది. సగం ముందు, సగం అయ్యాక, ఫలానా తారీఖు అని ఒక మెయిల్ చాలు.

పాతపుస్తకం
మన పుస్తకాలకి ముందుమాటలు నాలుగుంటాయి, ఎడిటర్ పేరు ఒక్కదాన్లోనూ ఉండదు. మీరంతా చెప్పేది నిజమైతే ఆ పేరెందుకు వెయ్యరు?

లలితక్క
ఇది మాత్రం మీతో నూటికి నూరుపాళ్ళు. ముందుమాటల కోసం పెద్దాయనల ఇళ్ళ చుట్టూ నెలల తరబడి తిరుగుతారు, పుస్తకం నిజంగా మూడుసార్లు చదివినావిడకి 'కృతజ్ఞతలు' పేజీలో కూడా చోటుండదు. ఆ నాలుగు ముందుమాటల్లో ఎన్ని పుస్తకం చదివి రాసినవో అడక్కండి.

అచ్చుతప్పు
నా పుస్తకానికి ముందుమాట రాసినాయన వేరే పుస్తకంలో పాత్ర పేరు రాశారు. అచ్చయ్యింది కూడా.

గోదారిగట్టు
😂😂 హ్యాండిల్ ఇప్పుడర్థమైంది

సిరిసిల్ల_సాంచాలు
మల్ల శాంపిల్ తీసి సదివిన. యాస ముట్టలేదు, ఒక్క మాట గూడ. ప్రశ్నలే. ఒకటి చెప్త, 1981ల మా కథల ఎమ్మార్వో ఆఫీసు కాడ జనం కూడుతరు. గక్కడ రాసిండు, మండలాలు వచ్చింది 1985ల గదా, అంతకుముందు తాలూకా ఉండె గదా అని. నిజమే. మేం అప్పుడు తహసీల్ ఆఫీసు అనెటోళ్ళం. నేను పుట్టిన ఊరి సంగతి నాకు ఆయన చెప్పవట్టె, ఒకటే సిగ్గయింది, మల్ల మంచిగ గూడ అనిపించింది.

ఎర్రసిరా
సిగ్గెందుకండి, అందరికీ పడతాయి ఇవి. ఇప్పటి జ్ఞాపకంతో అప్పటిది రాస్తాం కదా. నేను ఒక నవలలో 1990లో సిద్దిపేట స్టేషన్లో రైలు దిగినాయన్ని చూశాను. సిద్దిపేటకి రైలొచ్చింది 2023లో. ఇంకొకరు దీపావళి రాత్రి పిండారబోసినట్టు వెన్నెల అని రాశారు, చాలా అందమైన పేరా, అమావాస్య అని గుర్తుచెయ్యడానికి నాకే బాధేసింది. ఎంగిలిపూల బతుకమ్మ రోజుకి కూడా వెన్నెల తెస్తుంటారు, అదీ అమావాస్యే. తేదీలున్న నవల వస్తే నేను ముందు ఒక పట్టిక వేసుకుంటాను, ఏ ఏడు ఏం జరిగింది, అప్పటికి ఎవరికి ఎన్నేళ్ళు. ఒకావిడ పెళ్ళికి పదకొండేళ్ళది అయి కూర్చుంది ఒకసారి, రచయిత ఉద్దేశం ఇరవై.

అచ్చుతప్పు
రైలు దిగినాయన స్టేషన్ కట్టేదాకా ముప్ఫై ఏళ్ళు అక్కడే నిలబడ్డాడన్నమాట

సిరిసిల్ల_సాంచాలు
గాయన ఇటు సిరిసిల్ల దాంక వచ్చేదుంటే ఇంకా నిలవడాలె 😀

నల్లకోటు
వకీలుని, ఒక మాట. పని మొదలయ్యేముందు ఆ మెయిల్లోనే హక్కులన్నీ రచయితవే అని, ఎడిటర్ సూచనలు ఒప్పుకోవాలా వద్దా అనేది రచయిత ఇష్టమని రాసుకోండి. కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 57 అని ఉంది, రచనని వక్రీకరించి పేరు చెడగొడితే అడ్డుకునే హక్కు రచయితకుంటుంది, హక్కులు అమ్ముకున్నా సరే. ఇంతకీ నవలలో సినిమా పాటలున్నాయా?

సిరిసిల్ల_సాంచాలు
ఉన్నయ్. సాంచాల కాడ రేడియో మోగుతుంటది గదా. రెండు పాటలు పల్లవి చరణం మొత్తం రాసిన. మా అప్పటి సేటు అసలు పేరు గూడ ఉన్నది.

నల్లకోటు
పాట మొత్తం అచ్చెయ్యాలంటే అనుమతి కావాలి, రాసినాయన పోయిన 60 ఏళ్ళ దాకా హక్కులుంటాయి. రేడియోలో ఫలానా పాట మోగుతోంది అంటే చాలు, ఏ ఇబ్బందీ లేదు. సేటు పేరు మాత్రం మార్చండి, 'పాత్రలన్నీ కల్పితం' అని ముందు పేజీలో వేసినంత మాత్రాన తప్పించుకోలేరు. మంచి ఎడిటరైతే ఈ రెండూ తనే పట్టుకుంటాడు.

కడప_కారం
సేటు పేరు మార్చి మీసం అట్లే ఉంచితే?

నల్లకోటు
ఊళ్ళో అందరూ గుర్తుపట్టేలా ఉంటే మీసం కూడా తియ్యాలి.

డీటీపీ_బాబాయ్
అసలు పని సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. సాంచాలు గారూ, ఎడిటింగ్ మొత్తం వర్డ్‌లో, యూనికోడ్‌లోనే (ఫోన్లో, నెట్‌లో కనిపించే మామూలు తెలుగు టైపు) అయిపోవాలి. నేను ఇప్పటికీ యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లు, పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకరే, మాలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు. మీ యూనికోడ్ ఫైలు కన్వర్టర్‌లో వేసి తెచ్చుకుంటాం. అప్పుడు కొన్ని వత్తులు ఎగిరిపోతాయి, కోట్ మార్కులు ఇంకేవో గుర్తులైపోతాయి, సాఫ్ట్‌వేర్ లాంటి మాట సాఫ్ట్వేర్ అయి కూర్చుంటుంది. కాబట్టి ఎడిటర్ ఎంత బాగా చేసినా పేజీలు కట్టాక ఇంకో ప్రూఫు తప్పదు, అది ప్రింటు తీసి కాగితం మీదే చూడండి. పేజీలు కట్టే కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో నేరుగా యూనికోడ్‌తో చేసేవాళ్ళు దొరికితే ఈ బాధ చాలా తగ్గుద్ది. నన్ను ఏడిపించేది మాత్రం పేజీలన్నీ కట్టాక ఈ పేరా తీసెయ్యండి, ఆ అధ్యాయం ఇక్కడ పెట్టండి అనేవాళ్ళు. అక్కణ్ణించి చివరిదాకా పేజీలన్నీ కదుల్తాయి.

డీటీపీ_బాబాయ్
ఆఁ ఇంకోటి మర్చిపోయా. వన్ బై ఎయిట్ డెమ్మీ అనే పుస్తకం సైజులో, ఒకేసారి అచ్చయ్యే ఫారం అంటే 16 పేజీలు. మీ వర్డ్ పన్నెండు పేజీలు ఏ4 అయితే డెమ్మీలో ఇరవై దాటుతాయి, అంటే ఫారం పైన. ఐదొందల కాపీలకి ఆ కాగితం, ప్లేట్లు, ప్రింటింగు మిగిలినట్టే. ఎడిటర్ ఫీజులో కొంత అక్కడ వెనక్కొస్తుంది.

పాతపుస్తకం
కాగితం ఖర్చు చూసి ఊరిని తీసేస్తారా? ఆ పన్నెండు పేజీలు తియ్యొద్దు సాంచాలు గారూ. ఎడిటర్లందరూ ఇప్పుడు మొదటి వాక్యంలోనే హత్య జరగాలంటారు, సినిమాల ప్రభావం. నిదానంగా మొదలయ్యే నవలలు మనకి బోలెడున్నాయి, పాఠకుడు చదువుతాడు.

ఎర్రసిరా
ఈ విషయంలో పాతపుస్తకం గారితో నాకు పెద్ద తగాదా లేదు. ఎడిటర్ అడిగిన ప్రశ్న సరైనదే అయినా ఇచ్చిన సలహా సరైనది కాకపోవచ్చు, రెంటినీ విడదీసి చూడాలి. అక్కడ ఆయనకి ఏదో అడ్డం తగిలింది, అది నిజం. దానికి మందు తీసెయ్యడమా, జరపడమా, తగ్గించడమా అనేది మీకే బాగా తెలుస్తుంది. ఆయన్ని ఒక్కటి అడగండి, సరిగ్గా ఎక్కడ ఆగిపోయారు అని.

విజీనారం_పిల్ల
అవును. నాకూ ఒక కథలో ముగింపు మార్చమంది ఆవిడ, నేను ముగింపు ముట్టుకోకుండా మధ్యలో రెండు పేరాలు రాసేను, అప్పుడు ముగింపు బాగుందంది.

గోదారిగట్టు
ఇంకో పని చెయ్యన్నా, ఆ పేజీలు ఎవరిచేతనైనా పైకి చదివించి విను. నువ్వు చదవకు, నీకు బట్టీ వచ్చేసుంటది. చదివేవాళ్ళు ఎక్కడ తడబడ్డారో అక్కడ గీత పెట్టుకో.

సిరిసిల్ల_సాంచాలు
రెండు దినాలు ఇటు రాలే. చెల్లెతోని సదివించిన. ఊరి చెరువు, కులాలు, గుడి, ఎవలిల్లు ఏడున్నది అన్నీ చెప్పుకుంట పోయిన, సమ్మెల మనుషులు అందుల ఒక్కలు గూడ లేరు. ఆరో పేజీ కాడ ఆమెనే అడిగింది, ఇంతకు కథ ఎవలదన్నా అని. ఎడిటర్‌కు ఫోన్ చేస్తే ఆయన గూడ గక్కడ్నే ఆగిండట. మొత్తం తీస్తలేను. సమ్మె కాన్నుంచే మొదలుపెడ్త, కానీ చెరువు, వాడకట్టు సంగతి రాజవ్వ పాత్ర రాత్రి ఇంటికి నడుసుకుంట పోయేటప్పుడు పెడ్త, మూడు నాలుగు పేజీల్ల వస్తది. గుడి సంగతి పోతది. ఆయనకు చెప్తే రాసి పంపుండ్రి చూద్దం అన్నడు. ముందుగాల నవల మొత్తం సదివి ఉత్తరం రాస్తడట, దానికి సగం పైసలు. మిగిలింది తర్వాత. యాస కాగితం గూడ ఇద్దరం కూసుండి చేస్తం.

పాతపుస్తకం
గుడి ఉంచాల్సింది.

సిరిసిల్ల_సాంచాలు
మీకు ఆ పేజీలు వేరే పంపిస్త సార్ 😀

కడప_కారం
ట్రాక్ చేంజెస్ పెట్టమని చెప్పు ముందు. మళ్ళీ చెప్తాండా.

డీటీపీ_బాబాయ్
బుక్‌ఫెయిర్‌కంటే అక్టోబర్ ఆఖరుకి ఫైలు నా లాంటివాడి చేతిలో ఉండాలి, నవంబర్ అంతా అందరూ ఒకేసారి వస్తారు. ఐఎస్‌బీఎన్‌కి (పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు) ఇప్పుడే అప్లికేషన్ పెట్టేయండి, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ పోర్టల్‌లో, సొంతంగా వేసుకునే రచయితలకీ ఇస్తారు, డబ్బులేం అక్కర్లేదు. ఇప్పిస్తామని వేలు అడిగేవాళ్ళున్నారు, ఇవ్వకండి.

అచ్చుతప్పు
ఇంత చర్చ నడిచింది, నవల పేరు చెప్పలేదు ఇంకా

సిరిసిల్ల_సాంచాలు
దాని పక్కన గూడ ఎడిటర్ ప్రశ్నార్థకం పెట్టిండు అన్నా, ఇంక తేలలే.